కీమో పోర్ట్ రివ్యూ: మొదటి సైకిల్‌కి ముందే అడగండి

నెలల తరబడి నరం ద్వారా కీమో ఎక్కించాలని డాక్టర్ చెప్పగానే, మొదటి డోసు పడకముందే అడగాల్సిన మాట ఒకటుంది: "పోర్ట్ పెడతారా?" చాలామందికి ఈ మాట రెండో సైకిల్ (కీమో విడత) దగ్గరో మూడో సైకిల్ దగ్గరో, చేతుల్లో నరాలు దొరకడం మానేశాక తెలుస్తోంది. మా అమ్మ విషయంలోనూ అదే జరిగింది. రొమ్ము క్యాన్సర్‌కి వైద్యం మొదలుపెట్టినప్పుడు ఆ ఆసుపత్రిలో ఎవరూ పోర్ట్ ఊసే ఎత్తలేదు. తర్వాత పెట్టించాం, ఏడాదికి పైగా వాడాం, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. పరికరానికి నేను ఐదుకి నాలుగున్నర ఇస్తాను. దాన్ని వాడే చేతులకి మాత్రం ఒక్కో చోట ఐదు, ఒక్కో చోట ఒకటి కూడా ఎక్కువే.

తెలియనివాళ్ళ కోసం ముందు అసలు వస్తువేమిటో చెప్తాను. పోర్ట్ అంటే ఛాతీ పైభాగంలో, కాలర్ ఎముకకి కాస్త కింద, చర్మం లోపల అమర్చే చిన్న డబ్బీ. అడ్డంగా రెండున్నర, మూడు సెంటీమీటర్లు, ఎత్తు ఒక సెంటీమీటరు ఉంటుందేమో, అంతే. టైటానియంతోనో గట్టి ప్లాస్టిక్‌తోనో చేస్తారు. పైన మందపాటి సిలికాన్ పొర ఉంటుంది, సూది దిగేది అందులోకే. డబ్బీకి తగిలించిన సన్నని మెత్తటి గొట్టం చర్మం కిందుగా వెళ్ళి మెడ దగ్గరి పెద్ద నరంలోకి దూరి, అక్కడి నుంచి దిగి గుండెకి రక్తం చేర్చే పెద్ద సిర చివర ఆగుతుంది. బయటికి గొట్టాలు వేలాడవు, చర్మం కింద చిన్న ఉబ్బు కనిపిస్తుంది, అంతే. కీమో రోజున ఆ ఉబ్బు మీద సూది గుచ్చుతారు, మందు ఎక్కాక తీసేస్తారు, ఇంటికి వచ్చేస్తాం.

గుండె దాకా ఎందుకు తీసుకెళ్ళాలి అని అమ్మ కూడా అడిగింది. ఆ పెద్ద సిరలో నిమిషానికి దాదాపు 2 లీటర్ల రక్తం పారుతుంది. మందు అక్కడ పడీ పడగానే పలచబడిపోతుంది. అరచేతి వెనకాల కనిపించే చిన్న నరంలో నిమిషానికి పారే రక్తం కొన్ని మిల్లీలీటర్లే. ఘాటైన మందు ఆ కాస్త రక్తంలో చిక్కగానే ఉండి నరం గోడని కాలుస్తూ పోతుంది. కీమో మందులన్నీ ఒకేలా ఉండవు, కొన్ని నరానికి పెద్దగా హాని చేయవు. కానీ డాక్సోరుబిసిన్, ఎపిరుబిసిన్, విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ లాంటివి నరం దాటి చుట్టూ ఉన్న కండలోకి కారితే అక్కడ పుండు పడి, చర్మం చచ్చిపోయి, ఒక్కోసారి సర్జరీ దాకా వెళ్తుంది. విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ వచ్చేది మనందరికీ తెలిసిన బిళ్ళగన్నేరు మొక్క నుంచే. మొక్క నుంచి వచ్చింది కదా, సాధువుగా ఉంటుందిలే అనుకోవడానికి లేదు.

అమ్మకి మొదట ఇచ్చింది డాక్సోరుబిసిన్, ఎర్రగా ఉంటుంది, సిరంజిలో చూస్తేనే భయమేసే రంగు, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది (అది రక్తం కాదు, మందు రంగే, ముందే తెలిస్తే టెన్షన్ తప్పుతుంది). మొదటి సైకిల్ కుడి చేతి మీద క్యాన్యులా (నరంలో ఉంచే సన్నని ప్లాస్టిక్ గొట్టం) పెట్టి ఇచ్చారు. ఎడమ రొమ్ముకి సర్జరీ అయి, ఎడమ చంకలో లింఫ్ గ్రంథులు తీసేశారు కాబట్టి ఆ చేతికి సూదులు వద్దన్నారు, వాపు వచ్చే ప్రమాదం ఉందని. అంటే ఉన్నది ఒక్క చెయ్యే. ఆ ఒక్క చేతి మీద నాలుగు చోట్ల గుచ్చితే గానీ నరం దొరకలేదు. మందు బయటికి కారలేదు, అది మా అదృష్టం, కానీ వారం తిరిగేసరికి మణికట్టు నుంచి మోచేయి దాకా ఆ నరం తాడులా బిగుసుకుపోయి, దాని వెంబడి చర్మం నల్లబడింది. చెయ్యి చాపితే లాగేసేది. ఒంటి చేత్తో, అదీ నొప్పి పెడుతున్న చేత్తో, ఇంకా చాలా సైకిళ్ళు మిగిలున్న మనిషి ఏం చెయ్యాలి?

రెండో సైకిల్‌కి ముందు డే కేర్ వార్డులో ఒక పెద్ద సిస్టర్ ఆ చెయ్యి చూసి, "అమ్మా, మీకు పోర్ట్ గురించి ఎవరూ చెప్పలేదా?" అంది. చెప్పాల్సింది కీమో ప్లాన్ రాసిన రోజునే. ఎన్ని సైకిళ్ళు, ఏ మందులు, ఎంత కాలం అన్నీ కాగితం మీద రాసిచ్చినప్పుడు, ఆ మందు ఒంట్లోకి ఏ దారిన వెళ్తుందో కూడా రాయడానికి ఒక్క వాక్యం పట్టదా? ఈ విషయంలో నా కోపం ఇంకా తగ్గలేదు. ఆ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే అమ్మ చెయ్యి పాడయ్యేది కాదు. మళ్ళీ చెప్తున్నాను, మీ వాళ్ళ ప్లాన్‌లో ఎర్ర మందు ఉన్నా, నెలల తరబడి వారం వారం ఎక్కించేది ఉన్నా, ఇంటికి పంపు కట్టి పంపించేది ఉన్నా, మొదటి రోజునే పోర్ట్ సంగతి మీరే ఎత్తండి.

పెట్టించుకోవడం గురించి. భయపడినంత ఏమీ లేదు. ఆ ప్రాంతానికి మాత్రమే మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చి, కాస్త మగతగా ఉండే మందు కూడా ఇచ్చారు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ మెడ దగ్గర నరంలోకి సూది పంపి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ గొట్టం చివర సరైన చోట ఉందో లేదో సరిచూసుకుని, ఛాతీ మీద చిన్న కోత పెట్టి చర్మం కింద డబ్బీని కూర్చోబెడతారు. గంటలోపే అయిపోతుంది, మామూలుగా ఆ రోజే ఇంటికి పంపిస్తారు. మెడ దగ్గర చిన్న గాటు, ఛాతీ మీద మూడు నాలుగు సెంటీమీటర్ల గాటు, రెండే. మెడలో కుడివైపు నరం గుండెకి నేరుగా దిగుతుంది కాబట్టి వీలైతే అటే పెడతారు. అమ్మకి ఎడమ రొమ్ముకి జబ్బు కాబట్టి కుడివైపు పెట్టడానికి ఏ అడ్డంకీ రాలేదు. కుడి రొమ్ముకి జబ్బున్నవాళ్ళకి సాధారణంగా ఎడమవైపు పెడతారు.

మొదటి వారం నొప్పి ఉంటుంది, అది దాచి చెప్పను. మెడ తిప్పాలంటే బిగువుగా అనిపించేదట, ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోయింది. పది రోజులు తిరిగేసరికి సర్దుకుంది. లోదుస్తుల పట్టీ, కారులో సీట్ బెల్టు సరిగ్గా ఆ ఉబ్బు మీద రాసుకుంటాయి, అందుకని పోర్ట్ పెట్టేముందే డాక్టర్‌కి మీ పట్టీ ఎక్కడికి వస్తుందో చూపించి గుర్తు పెట్టించుకోండి. మేము సర్జరీ బల్ల ఎక్కేముందే అడిగితే ఆయన పెన్నుతో గీత గీసుకుని ఒక వేలు పక్కకి జరిపి పెట్టారు. చిన్న విషయమే, రోజూ ఒరుసుకునే మనిషికి మాత్రం చాలా పెద్ద తేడా.

ఇక అసలు సంగతి, సూది పెట్టడం. పోర్ట్‌కి మామూలు సూది వాడకూడదు. హ్యూబర్ సూది అని ప్రత్యేకంగా ఉంటుంది, దాని మొన కొద్దిగా వంగి ఉంటుంది. మామూలు సూది అయితే గుచ్చిన ప్రతిసారీ సిలికాన్‌లోంచి చిన్న ముక్కని కోసి లోపలికి తోసేస్తుంది, కొన్నాళ్ళకి పొర చిల్లుపడి కారడం మొదలవుతుంది. హ్యూబర్ మొన సిలికాన్‌ని కోయకుండా పక్కకి తప్పించి దిగుతుంది, తీయగానే పొర మళ్ళీ మూసుకుంటుంది. అందుకే ఆ పొర సూది లావును బట్టి వెయ్యి నుంచి రెండు వేల సార్లు గుచ్చినా తట్టుకుంటుందని తయారీదార్లు చెప్తారు. ఏ రోగికీ అన్నిసార్లు అవసరం పడదు.

ఆ పెద్ద సిస్టర్ పోర్ట్‌కి సూది పెట్టే తీరు చూస్తే ఈ పనికి ఎంత ఓపిక కావాలో అర్థమవుతుంది. ముందు చేతులు కడుక్కుని, తను మాస్క్ పెట్టుకుని, అమ్మకీ పెట్టి, స్టెరైల్ గ్లౌజులు వేసుకుని, క్లోర్‌హెక్సిడిన్‌తో ఆ చోటు బాగా రుద్ది, ఆరేదాకా ఆగేది. ఊదేది కాదు, చేత్తో విసిరేది కాదు, దానంతటదే ఆరాలి. తర్వాత ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మూడింటితో డబ్బీ అంచులు పట్టుకుని కదలకుండా బిగించి, "తల అటు తిప్పండమ్మా, గట్టిగా ఊపిరి పీల్చుకోండి" అంటూనే నిటారుగా ఒకే పోటుతో దించేది. సూది కింద లోహానికి తగిలినప్పుడు చిన్న టక్ మంటుంది, అది వేళ్ళకి తెలుస్తుందట. అమ్మ కళ్ళు మూసుకునే, "అయిపోయిందా తల్లీ?" అని అడిగితే, "అయిపోయిందమ్మా, రక్తం కూడా వచ్చింది చూడండి" అని సిరంజి చూపించేది.

ఆ రక్తం వెనక్కి రావడమే అన్నిటికన్నా ముఖ్యం. సిరంజి లాగితే రక్తం రాకపోతే గొట్టం సరిగ్గా ఉందని నమ్మడానికి లేదు, అలాంటప్పుడు ఎర్ర మందులాంటిది అస్సలు ఎక్కించకూడదు. ఒక్కోసారి గొట్టం చివర నరం గోడకి ఆనుకుని ఉంటే చెయ్యి పైకెత్తమంటారు, దగ్గమంటారు, పక్కకి తిరగమంటారు, అప్పుడు వచ్చేస్తుంది. అప్పటికీ రాకపోతే గొట్టం చివర రక్తం నుంచి వచ్చిన సన్నని పొర కట్టి ఉండొచ్చు, దాన్ని కరిగించే ఆల్టిప్లేస్ అనే మందు కొద్దిగా ఎక్కించి కాసేపు ఉంచి మళ్ళీ చూస్తారు. అమ్మకి ఒకసారి ఇలాగే అయింది. సాయంత్రం దాకా కూర్చోబెట్టారు, విసుగొచ్చింది, కానీ రక్తం రాకుండా మందు ఎక్కించడానికి ఆ వార్డులో ఎవరూ ఒప్పుకోలేదు. ఆ విషయంలో వాళ్ళకి దండం పెట్టాలి. ఎక్కడైనా "రక్తం రాకపోయినా సెలైన్ వెళ్తోంది కదా, పర్లేదు" అంటే ఒప్పుకోకండి, డాక్టర్‌ని పిలిపించండి. మందు ఎక్కుతుండగా ఆ చోట మంట, నొప్పి, వాపు అనిపిస్తే కూడా ఒక్క నిమిషం ఓర్చుకోవద్దు, వెంటనే ఆపమని చెప్పాలి. డాక్సోరుబిసిన్ కారితే డెక్స్‌రాజోక్సేన్ అని విరుగుడు ఉంది, కానీ ఆరు గంటల్లోపు మొదలుపెట్టాలి.

సూది నొప్పికి ఒక చిట్కా ఉంది. లిడోకైన్, ప్రిలోకైన్ కలిసిన మొద్దుబారే క్రీమ్ వస్తుంది, అది గంట ముందు ఉబ్బు మీద మందంగా రాసి, పైన పారదర్శకమైన ప్లాస్టర్ అంటించుకుని వెళ్తే పోటు పెద్దగా తెలీదు. పది నిమిషాల ముందు రాస్తే పనిచెయ్యదు, గంట పట్టాలి. ఫ్లష్ చేసినప్పుడు, అంటే గొట్టం మూసుకుపోకుండా సెలైన్ నెట్టినప్పుడు, నోట్లో ఉప్పగానో లోహపు రుచిగానో అనిపిస్తుంది, కొందరికి వికారం వస్తుంది, అది మామూలే. అమ్మ నోట్లో ఏదో చప్పరించుకుంటూ కూర్చునేది, ఆ రుచి తెలిసేది కాదు.

సూదిలో పొడవు కూడా ముఖ్యమని నాకు ఈ ప్రయాణంలోనే తెలిసింది. ఛాతీ మీద కండ తక్కువున్నవాళ్ళకి ముప్పావు అంగుళం సరిపోతుంది, ఎక్కువున్నవాళ్ళకి అంగుళమో అంగుళంన్నరో కావాలి. పొట్టి సూది పెడితే అడుగు దాకా చేరదు, కాస్త కదిలితే బయటికి జారి మందు చర్మం కింద చేరుతుంది. అమ్మకి సరిపడే గేజ్ (సూది లావు), పొడవు రెండూ ఒక చీటీ మీద రాసి పోర్ట్ కార్డుతో కలిపి పెట్టాం. కొత్త నర్సు వచ్చినప్పుడు ఆ చీటీ చూపిస్తే వాళ్ళకీ పని తేలికవుతుంది.

పోర్ట్ కార్డు గురించి విడిగా చెప్పాలి. అది పెట్టిన రోజు ఒక చిన్న కార్డు ఇస్తారు, కంపెనీ, మోడల్, లాట్ నంబర్, పెట్టిన తేదీ ఉంటాయి. పారేసుకోకండి, ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకోండి. ఎందుకంటే సీటీ స్కాన్‌లో కాంట్రాస్ట్ మందుని (లోపలి భాగాలు స్పష్టంగా కనిపించడానికి ఇచ్చేది) మెషిన్ చాలా వేగంగా, చాలా ఒత్తిడితో నెడుతుంది. ఆ ఒత్తిడికి తట్టుకునే పోర్టులు వేరు, తట్టుకోనివి వేరు. తట్టుకునే రకానికి సెకనుకి 5 మిల్లీలీటర్ల వరకూ, 300 పీఎస్‌ఐ ఒత్తిడి వరకూ పరిమితి ఉంటుంది, పైగా ఆ ఒత్తిడికి పనికొచ్చే హ్యూబర్ సూదే వాడాలి. మామూలు పోర్ట్‌లోకి మెషిన్‌తో నెడితే గొట్టం చీలొచ్చు. చాలా రకాలకి ఎక్స్‌రేలో కనిపించేలా సీటీ అనే అక్షరాలు చెక్కి ఉంటాయి. ఒక స్కాన్ సెంటర్లో మా కార్డు చూపించినా, అందులో స్పష్టంగా రాసి ఉన్నా, "మేము పోర్ట్ ముట్టుకోము" అని ఆ పాడైన కుడి చేతిలోనే మళ్ళీ నరం వెతికారు. ట్రెయినింగ్ లేని మనిషి ముట్టుకోకపోవడం మంచిదే, దానికి తప్పుపట్టను. కానీ క్యాన్సర్ రోగులు రోజూ వచ్చే చోట ట్రెయినింగ్ ఉన్న మనిషి ఒక్కరు కూడా లేకపోవడం ఏమిటి? అప్పటి నుంచి స్కాన్ అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "పోర్ట్‌కి సూది పెట్టేవాళ్ళు ఆ రోజు ఉంటారా?" అని అడిగి రాయించుకుంటున్నాం. లేకపోతే పొద్దున్నే డే కేర్‌కి వెళ్ళి సూది పెట్టించుకుని, దాంతోనే స్కాన్‌కి వెళ్ళాం.

ఇంతకన్నా ఘోరం ఒక రాత్రి ఎమర్జెన్సీలో జరిగింది. అమ్మకి చలి జ్వరం వచ్చింది, 38 డిగ్రీల సెల్సియస్ దాటింది. కీమో తర్వాత ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి, ఆ సమయంలో జ్వరం వస్తే పొద్దున్న దాకా ఆగకూడదని చెప్పారు కాబట్టి దగ్గర్లో ఉన్న చోటికి పరుగెత్తాం. అక్కడి డ్యూటీ నర్సు దగ్గర హ్యూబర్ సూది లేదు, "మామూలు సూదితో ఎక్కిద్దాం, సిలికానే కదా" అంది. మేము ఒప్పుకోలేదు. చేతి నరంలోనే యాంటీబయాటిక్ మొదలుపెట్టించి, పోర్ట్ నుంచి ఒకటి, చేతి నుంచి ఒకటి రక్తం కల్చర్‌కి (క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షకి) తీయాలి కాబట్టి మా ఆసుపత్రికి మార్పించుకున్నాం. ఆ రెండు శాంపిళ్ళూ ఒకేసారి తీస్తే ఇన్ఫెక్షన్ పోర్ట్‌లో ఉందా ఒంట్లో వేరే చోట ఉందా తెలుస్తుంది. అమ్మకి పోర్ట్‌లో లేదు, బతికిపోయాం. కానీ ఆ రాత్రి నుంచి ఇంట్లో ఒక సంచిలో అమ్మకి సరిపడే హ్యూబర్ సూదులు రెండు, కార్డు, మందుల లిస్టు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతున్నాం. మీరూ ఉంచుకోండి. ఫ్లష్ చేసిన గంటలోపే వణుకుతూ జ్వరం వస్తే మాత్రం పోర్ట్ మీదే ముందు అనుమానం పెట్టాలి.

పోర్ట్‌తో వచ్చే ఇబ్బందులు ఇంకేమున్నాయంటే, రక్తం గడ్డకట్టడం ఒకటి. ఆ పక్క చెయ్యి గానీ మెడ గానీ ముఖం గానీ వాచినా, బరువుగా అనిపించినా వెంటనే చూపించాలి. డబ్బీ చర్మం కింద తిరగబడటం, గొట్టం చీలడం, పెట్టేటప్పుడు ఊపిరితిత్తికి సూది తగలడం అరుదుగా ఉంటాయి, అందుకే పెట్టాక ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ఇవన్నీ చదివి వద్దులే అనుకునేవాళ్ళ కోసం ఒక లెక్క చెప్తాను. బ్రిటన్‌లో 18 క్యాన్సర్ కేంద్రాల్లో వెయ్యి మందికి పైగా రోగుల మీద చేసిన కావా అనే పరీక్ష ఫలితాలు 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఛాతీ నుంచి గొట్టం బయటికి వేలాడే హిక్‌మన్ లైన్‌తో పోల్చినప్పుడు ఏదో ఒక ఇబ్బంది వచ్చినవాళ్ళు హిక్‌మన్ వైపు 43 శాతం, పోర్ట్ వైపు 29 శాతం. చేతి నుంచి పెట్టే పిక్ లైన్‌తో పోల్చినప్పుడు అటు 47, పోర్ట్ వైపు 32. పోర్ట్‌కి ఇబ్బందులు లేవని ఎవరూ అనరు, మిగతావాటికన్నా తక్కువ అని మాత్రం గట్టిగా చెప్పొచ్చు.

పిక్ లైన్ కూడా కొందరికి బాగానే ఉంటుంది, పెట్టడం తేలిక, సర్జరీ అక్కర్లేదు. కానీ చేతి మీద గొట్టం బయటికి వచ్చి ఉంటుంది, వారం వారం డ్రెస్సింగ్ మార్చాలి, నీళ్ళు తగలకూడదు, బరువులు ఎత్తకూడదు. పోర్ట్‌తో గాటు మానాక నిశ్చింతగా తలస్నానం చెయ్యొచ్చు, ఈత కూడా కొట్టొచ్చు, సూది లేనప్పుడు డ్రెస్సింగే అక్కర్లేదు. అమ్మకి అన్నిటికన్నా నచ్చింది రెండు చేతులూ ఖాళీగా ఉండటం. కీమో ఎక్కుతుంటే పుస్తకం చదువుకునేది, ఫోన్‌లో అక్కతో మాట్లాడుకునేది, తనంతట తనే స్టాండు తోసుకుని బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చేది. అంతకుముందు క్యాన్యులా కదిలితే ఎక్కడ మళ్ళీ గుచ్చుతారోనని కూర్చున్న చోటి నుంచి కదిలేది కాదు.

పెద్దపేగు క్యాన్సర్‌వాళ్ళకి పోర్ట్ ఇంకా బాగా ఉపయోగపడటం చూశాను. ఫాల్‌ఫాక్స్ అనే కీమోలో ఫ్లోరోయురాసిల్ 46 గంటల పాటు మెల్లగా ఎక్కాలి. పక్క మంచం ఆయనకి రబ్బరు బుడగ ఉన్న చిన్న సీసా పోర్ట్‌కి తగిలించి నడుముకి కట్టి ఇంటికి పంపేసేవారు. బ్యాటరీ లేదు, కరెంటు లేదు, బుడగ తనంతట తానే ముడుచుకుంటూ మందు నెడుతుంది. రెండు రోజుల తర్వాత వచ్చి సూది తీయించుకుని వెళ్ళిపోయేవారు. అదే పోర్ట్ లేకపోతే రెండు రాత్రులు ఆసుపత్రిలో పడుకోవాలి.

ఈ ఆలోచన మరీ పాతదేమీ కాదు. పూర్తిగా చర్మం లోపలే ఉండే ఈ పద్ధతి గురించి జాన్ నీడర్‌హ్యూబర్ అనే సర్జన్, ఆయన బృందం 1982లో ప్రచురించారు. ఆ తర్వాత ఆయనే అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కి డైరెక్టర్ అయ్యారు. కొత్త క్యాన్సర్ మందు వస్తే పత్రికలన్నీ రాస్తాయి. మందుని ఒంట్లోకి క్షేమంగా పంపే ఈ డబ్బీ గురించి ఎవరూ రాయరు, రోగులకి కూడా చెప్పరు. అదే నా బాధ.

అందరికీ పోర్ట్ కావాలా అంటే అక్కర్లేదు. మాత్రల రూపంలో కీమో తీసుకునేవాళ్ళకి పనిలేదు. రెండు మూడు డోసులతో అయిపోయేవాళ్ళకి, నరాలు బాగా ఉండి నరాన్ని పాడుచెయ్యని మందు వాడేవాళ్ళకి చేతి ద్వారానే ఇవ్వొచ్చు. పెంబ్రోలిజుమాబ్ లాంటి ఇమ్యూనోథెరపీ మందులు (ఒంటి రోగనిరోధక శక్తే క్యాన్సర్‌తో పోరాడేలా చేసేవి) మూడు వారాలకో ఆరు వారాలకో ఒకసారి కాబట్టి చాలామంది పోర్ట్ లేకుండానే తీసుకుంటారు. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు, ప్లేట్‌లెట్లు మరీ తక్కువున్నప్పుడు పెట్టడం వాయిదా వేస్తారు. మీకు కావాలా వద్దా అన్నది మీ ఆంకాలజిస్ట్ తేల్చాలి, మీరు చెయ్యాల్సింది ఆ ప్రశ్న వేళకి అడగడం.

పెట్టించుకునే ముందు ఇంకొన్ని అడగండి. ఒత్తిడికి తట్టుకునే రకమేనా? ఏ వైపు పెడతారు? ఆ చోట రోజూ పోర్ట్‌కి సూది పెట్టే సిస్టర్లు ఎంతమంది ఉన్నారు, సెలవు రోజు ఎవరు ఉంటారు? రక్త పరీక్షలకి కూడా పోర్ట్ నుంచే తీస్తారా? దీని మీద ఒక్కో చోట ఒక్కో రూల్ ఉంది, కొన్ని చోట్ల ల్యాబ్‌వాళ్ళు ముట్టుకోరు, డే కేర్‌లో సిస్టర్ తీసివ్వాలి. ఫ్లష్ చేసేటప్పుడు 10 మిల్లీలీటర్ల సిరంజి గానీ అంతకన్నా పెద్దది గానీ వాడాలి, చిన్న సిరంజి అయితే లోపల ఒత్తిడి ఎక్కువైపోతుంది. ఆగి ఆగి నెట్టాలి, ఒక్కసారిగా నెట్టకూడదు. ఇది మీరు చెయ్యాల్సిన పని కాదు, కానీ చూస్తూ ఉండటం మీ హక్కు.

కీమో అయిపోయాక కూడా పోర్ట్ కొన్నాళ్ళు ఉంచుతారు. అమ్మది హెర్2 పాజిటివ్ (క్యాన్సర్ కణాల మీద హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండే రకం) కాబట్టి కీమో తర్వాత కూడా ఆ ప్రోటీన్ మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్ మందు మూడు వారాలకోసారి, మొత్తం ఏడాది పాటు నడిచింది, అదంతా పోర్ట్ నుంచే. వాడని రోజుల్లో గొట్టం మూసుకుపోకుండా ఫ్లష్ చేయించాలి. తయారీదార్లు నాలుగు వారాలకోసారి అంటారు, చాలా కేంద్రాలు ఇప్పుడు రెండు మూడు నెలల దాకా సాగదీస్తున్నాయి, మీ చోట ఏది పాటిస్తే అది మర్చిపోకుండా చేయించండి. తీసేటప్పుడు మళ్ళీ ఆ చోట మొద్దుబార్చి, పాత గాటు మీదే కోసి, అరగంటలో తీసేస్తారు. డాక్టర్ గారు తర్వాతి స్కాన్ చూసి అమ్మది తీద్దామన్నారు. "ఉంటే ఉండనీ, నన్నేమీ అనడం లేదుగా" అంటోంది అమ్మ.